మంచు కంటే ముందు మంచం

ఆల్ప్స్ కొండల్లో ఒక చలికాలం మొత్తం ఉండి వచ్చానని తెలిశాక నా ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు రెండే రకాలు. ఒకటి, "అక్కా, ఎన్ని లక్షలైంది?" రెండోది, "అక్కా, ఏజెంట్ ఎవరు?"

మొదటిదానికి నా జవాబు: ఖర్చులన్నీ పోగా ఇంకా మిగిలింది. రెండోదానికి జవాబు: ఏజెంటే లేడు, ఉండకూడదు కూడా. ఈ రెండు జవాబులూ నమ్మని వాళ్లే ఎక్కువ. అందుకే ఈ వారం కాలమ్‌లో ఆ నాలుగు నెలల లెక్క మొత్తం విప్పి పెడుతున్నా. రూపాయి దగ్గర్నుంచి చేతుల పగుళ్ల దాకా.

ఊరు ఎలాంటిదంటే...

ఊరి పేరు షామొనీ. స్పెల్లింగ్ చివర ఎక్స్ ఉంటుంది కానీ పలకరు. ఫ్రాన్స్‌లో, ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులకు దగ్గర్లో, మౌంట్ బ్లాంక్ కాళ్ల దగ్గర పొడుగ్గా పడుకున్న లోయ. ఊరు ఉన్నది సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల పైన. తలెత్తితే 4,800 మీటర్లు దాటిన శిఖరం. 1924లో మొట్టమొదటి వింటర్ ఒలింపిక్స్ జరిగింది ఇక్కడే. స్థిరంగా ఉండే జనం పది వేల లోపే. చలికాలం వస్తే మాత్రం వీధుల్లో మన తిరునాళ్లలా జనం. కాకపోతే అందరి భుజాల మీదా స్కీలు.

సీజన్ అంటే డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా. క్రిస్మస్, న్యూ ఇయర్ ఒక ఉప్పెన. ఫిబ్రవరిలో మొదలయ్యే స్కూలు సెలవులు ఇంకో ఉప్పెన. ఫ్రాన్స్‌ని మూడు జోన్లుగా చేసి ఒక్కో జోన్‌కి వేర్వేరు వారాల్లో సెలవులిస్తారు కాబట్టి ఆ రద్దీ దాదాపు నెల రోజులు సాగుతుంది. ఆ వారాల్లో గది అద్దెలు చూస్తే కళ్లు తిరుగుతాయి.

అలాంటి ఊళ్లో 2024 డిసెంబర్ నుంచి 2025 ఏప్రిల్ దాకా నేను ఉన్నా. టూరిస్టులా కాదు. అక్కడ మాలాంటి వాళ్లని 'సెజోనియే' అంటారు. సీజన్ పనివాళ్లం అన్నమాట. హోటళ్లలో పక్కలు వేసేవాళ్లు, కాఫీ అందించేవాళ్లు, లిఫ్టుల దగ్గర టికెట్ చూసేవాళ్లు, రాత్రి మూడింటికి లేచి రోడ్ల మీద మంచు ఎత్తేవాళ్లు. వీళ్లు లేకపోతే మనం రీల్స్‌లో చూసే స్కీ టౌన్ ఒక్క పూట నడవదు.

అందరూ తప్పు ధర చూస్తారు

బడ్జెట్‌లో స్కీ సీజన్ అనగానే అందరూ ముందు గూగుల్ చేసేది స్కీ పాస్ ధర. షామొనీ చుట్టుపక్కల కొండలన్నీ తిరిగే పెద్ద సీజన్ పాస్ వెయ్యి యూరోలు దాటుతుంది. అంటే మన లెక్కలో లక్షకు అటూఇటూ. అది చూసి సగం మంది ఫోన్ పక్కన పెట్టేస్తారు.

కానీ సీజన్‌ని ముంచేది పాస్ కాదు. మంచం!

ఊళ్లో ఇళ్లలో ఎక్కువ భాగం వేరే ఊళ్లవాళ్ల రెండో ఇళ్లు. ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి ఉంటారు, మిగతా రోజులు తలుపులు మూసి ఉంటాయి, లేదంటే టూరిస్టులకు రోజు లెక్కన అద్దెకు పోతాయి. ఒక వారం టూరిస్టుకిస్తే వచ్చే డబ్బు, పనివాడికి నెల్లాళ్లిస్తే కూడా రాదు. ఇంటి యజమాని ఎవరికిస్తాడో మీరే చెప్పండి. ఫలితం ఏంటంటే ఊళ్లో పనులున్నాయి, పని చేసేవాళ్లున్నారు, పడుకోవడానికి చోటు లేదు. పొద్దునే ఇరవై, ముప్పై కిలోమీటర్ల కింద సలాంష్ లాంటి ఊళ్ల నుంచి వచ్చి పని చేసి రాత్రికి మళ్లీ కిందికి పోయేవాళ్లు ఎంతోమంది.

మా కిచెన్‌లో అర్జెంటీనా కుర్రాడు ఒకడు ఉండేవాడు. మా అందరిలో బాగా స్కీయింగ్ వచ్చినవాడు. పాస్ ముందే కొనేసుకున్నాడు, గది మాత్రం 'వచ్చాక చూసుకుందాంలే' అనుకున్నాడు. పాత వ్యాన్ ఒకటి కొని అందులో పడుకునేవాడు. డిసెంబర్ బానే గడిచింది. జనవరిలో రాత్రి చలి మైనస్ పది దాటేసరికి వ్యాన్ లోపల వాడి ఊపిరే అద్దాలకి మంచు పొరలా కట్టేది. తడిసిన సాక్సులు ఆరేవి కావు. పొద్దున డ్యూటీకి అరగంట ముందే వచ్చి గిన్నెలు కడిగే మెషీన్ పక్కన చేతులు కాచుకునేవాడు. దగ్గు తగ్గలేదు. ఫిబ్రవరి రాకముందే బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. చేతిలో వెయ్యి యూరోల పాస్, అందులో వాడింది పదిహేను రోజులో ఇరవై రోజులో.

వాడి కథ చెప్పింది భయపెట్టడానికి కాదు. వరస ముఖ్యం అని చెప్పడానికి. ముందు మంచం, తర్వాత పని, ఆ తర్వాత మంచు.

పనితోపాటు పడక

మరి ఆ మంచం ఎలా దొరుకుతుంది? చవకైన దారి ఒక్కటే: గది ఇచ్చే యజమాని దగ్గర పనికి చేరడం. ఫ్రాన్స్‌లో సీజన్ ఉద్యోగ ప్రకటనల్లో 'లోజే' అన్న మాట ఉంటే వసతి ఇస్తారని అర్థం, 'నూరీ' అంటే తిండి కూడా. ఈ రెండు మాటలూ ఉన్న ప్రకటనలే నేను ఫోన్‌లో ఫిల్టర్ చేసుకుని చూశా. జీతం కాలమ్ ఆ తర్వాతే చూశా. 'ఫ్రాన్స్ త్రవాయ్' అని అక్కడి ప్రభుత్వ ఎంప్లాయ్‌మెంట్ సంస్థ ఉంది, దాని సైట్‌లోనే వేల ప్రకటనలుంటాయి. పైసా ఫీజు లేదు. చాలా స్కీ ఊళ్లలో సీజన్ పనివాళ్ల కోసం 'మెజోన్ దె సెజోనియే' పేరుతో సమాచార కేంద్రాలు కూడా ఉంటాయి.

వెతకాల్సింది సెప్టెంబర్, అక్టోబర్‌లలో. నవంబర్ చివరికి వసతి ఉన్న పనులు అయిపోతాయి, వసతి లేనివే మిగులుతాయి. నేను సెప్టెంబర్‌లో 34 చోట్లకు అప్లికేషన్ పెట్టా. ఎనిమిది మంది జవాబిచ్చారు. ముగ్గురు వీడియో కాల్ చేశారు. ఒకాయన నన్ను అడిగిన ప్రశ్న, "రాత్రి పన్నెండింటి దాకా నిలబడగలవా?" నేను ఆయన్ని అడిగిన ప్రశ్న, "గదిలో ఎంతమంది, కిటికీ ఉందా, జీతంలోంచి ఎంత కోస్తారు?" ఇవి అడగడానికి మొహమాటపడొద్దు. కాంట్రాక్టులో గది సంగతి రాసి ఉందో లేదో చూసుకోండి. నోటిమాట గది డిసెంబర్ 20న మాయమైపోగలదు.

నాకు దొరికింది ఒక రెస్టారెంట్‌లో 'ప్లోంజ్' పని. చక్కటి ఫ్రెంచ్ పేరు. తెలుగులో చెప్పాలంటే అంట్లు తోమడం.

అమ్మకి ఫోన్ చేసి చెప్పా. అవతల రెండు నిమిషాలు మాట లేదు. తర్వాత, "అదేంటే... తెనాలి నుంచి అంత దూరం పంపింది అంట్లు తోమడానికా? ఇంట్లో ఒక్క గిన్నె కడిగావా నువ్వు?" అంది. నాన్న ఫోన్ తీసుకుని, "జీతం సరిగ్గా ఇస్తారా అమ్మా? రాత్రిపూట గదికి ఒక్కదానివే నడవక్కర్లేదు కదా?" అని ఆ రెండే అడిగారు. పెద్దమ్మకి మాత్రం ఇప్పటికీ నేను 'హోటల్ మేనేజ్‌మెంట్‌లో ట్రైనింగ్' చేశానని చెప్పి ఉంచారు.

అక్కడి వంటకాల గురించి ఒక్క మాట. ఫాండ్యూ అని కుండలో చీజ్ కరిగించి రొట్టె ముంచుకుని తింటారు. తినేవాళ్లకి స్వర్గం. కడిగేవాళ్లకి నరకం. పాలగిన్నె అడుగంటితే ఎలా ఉంటుందో దానికి పదింతలు. ఒక్క శనివారం రాత్రి అలాంటి కుండలు డెబ్బై దాకా వచ్చేవి. వేడినీళ్లలో నానబెట్టి, చెక్క గరిటెతో గోకి, అప్పుడు మెషీన్‌లో పెట్టాలి. మొదటి రెండు వారాలు వేళ్లు పగిలి కారం తగిలినట్టు మండేవి. తర్వాత గ్లౌజుల లోపల కొబ్బరినూనె రాసుకోవడం అలవాటైంది. అమ్మ పంపిన పారాచూట్ డబ్బా మా గదిలో నలుగురమ్మాయిలం వాడాం.

వీసా: ఏది కుదురుతుంది, ఏది కుదరదు

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. జాగ్రత్తగా చదవండి.

టూరిస్టు షెంగెన్ వీసా మీద సీజన్ గడపడం కుదరదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు. సీజనేమో 120 రోజులు. పైగా ఆ వీసా మీద ఒక్క గంట కూడా పని చేయకూడదు. అర్జెంటీనా, ఆస్ట్రేలియా కుర్రాళ్లు వచ్చి పని చేస్తున్నారంటే వాళ్ల దేశాలకు ఫ్రాన్స్‌తో 'వర్కింగ్ హాలిడే' ఒప్పందం ఉంది. మనకి ఫ్రాన్స్‌తో అది లేదు.

నేను వెళ్లింది స్టూడెంట్‌గా. అప్పటికి లియోన్‌లో మాస్టర్స్ చదువుతున్నా. ఫ్రాన్స్‌లో స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్ మీద ఏడాదికి 964 గంటలు పని చేయొచ్చు. నా కాంట్రాక్టు వారానికి 35 గంటలు, 18 వారాలు. అంటే 630 గంటలు. లెక్క లోపలే ఉంది. కాలేజీ ఒప్పుకుంటే ఒక సెమిస్టర్ విరామం తీసుకునే పద్ధతి అక్కడ ఉంది, దాన్ని 'సెజ్యూర్' అంటారు. కాలేజీ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే నేను కాంట్రాక్టు మీద సంతకం పెట్టా. క్లాసులు ఎగ్గొట్టి వెళ్తే పర్మిట్ రెన్యువల్‌లో దొరికిపోతారు.

స్టూడెంట్లు కానివాళ్లకు ఒక వార్త. భారత్, ఆస్ట్రియా మధ్య 2023లో వలసల మీద ఒక ఒప్పందం కుదిరింది. అందులో 'వర్కింగ్ హాలిడే' కార్యక్రమం ఉంది. మన యువత ఆరు నెలల వరకు ఆస్ట్రియాలో ఉండి పని చేసుకునే వీలు. ఆస్ట్రియా అంటే ఇన్స్‌బ్రుక్, కిట్జ్‌బ్యూల్... అంతా స్కీ ఊళ్లే. వయసు, డబ్బు, ఇన్సూరెన్స్ షరతులు ఆస్ట్రియా ఎంబసీ సైట్‌లోనే చూడండి. యూట్యూబ్‌లో కాదు.

ఇక ఏజెంట్ల సంగతి. "యూరప్ స్కీ రిసార్ట్ జాబ్, నాలుగు లక్షలు కట్టండి" అని ఎవరైనా మెసేజ్ పెడితే వెంటనే బ్లాక్ చేయండి. ఫ్రాన్స్‌లో ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. జీతం ఇచ్చేవాడు మీ దగ్గర తీసుకోడు. ఇంత చిన్న సూత్రం గుర్తుంటే మన జిల్లాల్లో ఎన్ని పొలాలు తాకట్టు పడకుండా ఉంటాయో!

తిండి, బట్ట

హోటల్, రెస్టారెంట్ పనిలో డ్యూటీ రోజున భోజనం యజమానే పెట్టాలి, లేదా దాని బదులు డబ్బివ్వాలి. మాకు రెండు పూటలా పెట్టేవారు. రోజూ బంగాళాదుంప, చీజ్, రొట్టె. మూడో వారానికి చారన్నం కలలోకి వచ్చింది. సెలవు రోజున ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం, పప్పు. ఆవకాయ సీసా మీద పెన్నుతో గీత గీసి పెట్టుకున్నా, ఏప్రిల్ దాకా రావాలి కదా! ఊళ్లో సూపర్ మార్కెట్ ధరలు కొండ ధరలే. అందుకే నెలకోసారి బస్సెక్కి కింద లోయలోని ఊళ్లకు పోయి బియ్యం, పప్పు తెచ్చుకునేవాళ్లం.

బట్టలు కొత్తవి కొంటే మాత్రం పర్సు ఖాళీ. ఫ్రాన్స్‌లో సెకండ్ హ్యాండ్ కొనడం నామోషీ కాదు. 'వింటెడ్', 'ల బోన్ క్వాన్' అని యాప్‌లున్నాయి. పాతది, కానీ నీళ్లు లోపలికి రాని జాకెట్ 45 యూరోలకు దొరికింది. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: జాకెట్, ప్యాంటు పాతవి కొనండి, ఒంటికి అంటుకునే ఉన్ని బనియన్, సాక్సులు కొత్తవి కొనండి. చలి వచ్చేది బయట నుంచి కాదు, లోపలి చెమట తడి నుంచి. కాటన్ బనియన్ తడిస్తే ఆరదు, అదే ఒంటిని గడ్డకట్టిస్తుంది.

మరి స్కీయింగ్?

చేశా. మొత్తం ఎనిమిది రోజులు. ఎనిమిదేనా అని నవ్వొద్దు. నాకు వారానికి రెండు రోజులు సెలవు, అందులో ఒకటి నిద్రకే పోయేది. పైగా బాగా రద్దీగా ఉండే వారాల్లో మాకు ఊపిరాడేది కాదు. నాలాంటి కొత్తవాళ్లకు సీజన్ పాస్ దండగ. అది ఏడాదికి నలభై, యాభై రోజులు దిగేవాళ్లకు.

అక్కడ వాలులకు రంగులుంటాయి. ఆకుపచ్చ అంటే పిల్లలూ దిగగలిగేది, తర్వాత నీలం, ఎరుపు, చివరికి నలుపు. కొత్తవాళ్ల కోసం లోయ అడుగున చిన్న చిన్న వాలులుంటాయి, లె తూర్ ఊరి దగ్గర వోర్మేన్ లాంటివి. వాటి టికెట్ పెద్ద కొండ టికెట్ కంటే చాలా తక్కువ. పెద్ద కొండ అయితే రోజుకి 60 యూరోలకు పైనే. నేను ఐదు రోజులు చిన్న వాలుల మీదే పడి లేచా. నాకంటే ముందు ఐదేళ్ల బుడ్డోళ్లు సర్రున జారిపోతుంటే సిగ్గుగానే ఉండేది. మా కిచెన్ చెఫ్ ఒకటే చెప్పేవాడు, "మోకాళ్లు వంచు, కింద గోతిని కాదు, వెళ్లాల్సిన చోటు చూడు." ఆ తర్వాత మూడు రోజులే పెద్ద కొండ టికెట్ కొన్నా.

ఇన్సూరెన్స్ మాత్రం పొదుపు చేయొద్దు. స్కీ వాలు మీద పడి కాలు విరిగితే కిందికి తెచ్చినందుకు బిల్లు మీరే కట్టాలి, అది వందల యూరోల్లో ఉంటుంది. టికెట్ కొనేటప్పుడే రోజుకి కాసిని యూరోలకు ఇన్సూరెన్స్ కలుపుతారు. తీసుకోండి. ఇంకొకటి, గీతలు కట్టిన వాలు దాటి బయటికి పోవద్దు. రోజూ మంచుచరియల ప్రమాదం ఎంతుందో 1 నుంచి 5 దాకా అంకెతో బోర్డు పెడతారు. 3 అంటే 'మధ్యస్తం, పర్లేదు' అని కాదు. ప్రమాదం గణనీయంగా ఉందని.

ఫ్రాన్స్ దాకా పోలేనివాళ్లు దిగులుపడక్కర్లేదు. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ ఉంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీ ఉంది. పడటం, లేవటం అక్కడ నేర్చుకుని పోతే ఆల్ప్స్‌లో నాలుగు రోజుల టికెట్ డబ్బు మిగులుతుంది.

టికెట్ లేకుండా చూసినవి

సీజన్‌లో నాకు గుర్తుండిపోయినవి డబ్బు పెట్టి చూసినవి కావు.

షామొనీ నుంచి కాస్త కిందికి నడిస్తే లె బోసన్ అనే పల్లె. దాని వెనక మౌంట్ బ్లాంక్ మీంచి ఒక హిమానీనదం నాలుక చాపినట్టు కిందికి వేలాడుతూ ఉంటుంది. 1966 జనవరి 24న బొంబాయి నుంచి లండన్ వెళ్తున్న ఎయిరిండియా విమానం 'కాంచన్‌జంగా' జెనీవాలో దిగడానికి ముందు ఈ కొండకే గుద్దుకుంది. 117 మంది పోయారు. అందులో మన అణుశాస్త్ర పితామహుడు హోమీ భాభా ఒకరు. అంతకుముందు 1950లో ఎయిరిండియాదే 'మలబార్ ప్రిన్సెస్' కూడా ఈ కొండ మీదే కూలింది, 48 మంది పోయారు.

మంచు ఏదీ దాచుకోదు, ఆలస్యంగా తిరిగిస్తుంది. పైన మింగినవి దశాబ్దాల తర్వాత కింద తేలుతున్నాయి. 2012లో మన విదేశాంగ శాఖ టపా సంచి దొరికింది. 2013లో ఒక పర్వతారోహకుడికి పచ్చలు, నీలాలు ఉన్న పెట్టె దొరికితే తీసుకెళ్లి పోలీసులకిచ్చాడు. 2020లో అక్కడ కేఫ్ నడిపే ఆయనకు తడిసిన భారతీయ పేపర్ల కట్ట దొరికింది, ఇందిరాగాంధీ ప్రధాని కాబోతున్న వార్తతో. ఆవిడ ప్రమాణం చేసిన రోజే ఆ విమానం కూలింది. ఆ పేపర్లు ఎవరూ చదవలేదు.

జనవరి 24న నాకు సెలవు పడింది. ఆ రోజు ఆ పల్లె దాకా నడిచి, హిమానీనదం కనబడే చోట కాసేపు నిలబడ్డా. ఏ బోర్డూ చదవలేదు, ఫొటో తీయలేదు. మనవాళ్లు ఇక్కడున్నారు అనిపించింది, అంతే.

ఇంకొకటి 'మెర్ ద గ్లాస్', అంటే మంచు సముద్రం. ఫ్రాన్స్‌లో అతి పెద్ద హిమానీనదం. మంచు దగ్గరికి పోవడానికి 1980ల చివర్లో మూడు మెట్లు దిగితే సరిపోయేదట. తర్వాత తర్వాత ఐదు వందల మెట్లు దాటాయి. రాతిగోడ మీద ఏ ఏడాది మంచు ఎక్కడి దాకా ఉండేదో బోర్డులు కొట్టారు. దిగుతూ ఉంటే నేను పుట్టిన ఏడాది తల పైన ఎక్కడో ఉండిపోయింది. చివరికి 2024లో కొత్త రోప్‌వే వేశారు, మంచు ఇంకా మిగిలి ఉన్న చోటికి దగ్గరగా. జనవరిలో కూడా లోయలో మంచుకి బదులు వాన పడ్డ రోజులు నేను చూశా. అలాంటి రోజు రెస్టారెంట్ సగం ఖాళీ. చెఫ్ కిటికీలోంచి చూస్తూ, "ఇలా ఇంకో పదేళ్లయితే మన గిన్నెలు ఎవరు ఎంగిలి చేస్తారు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఇదిగో లెక్క

ఆదాయం: అప్పటి ఫ్రాన్స్ కనీస వేతనం గంటకి 11.88 యూరోలు. పన్నులకు ముందున్న అంకె అది. చేతికొచ్చింది నెలకి సుమారు 1,420. నాలుగు నెలలకు 5,680 యూరోలు.

ఖర్చు: గదికి జీతంలోంచి నెలకి 220 కోశారు, మొత్తం 880. సెలవు రోజుల తిండి, టీ 360. ఫోన్ 40. లియోన్ నుంచి రానూపోనూ 60. బట్టలు 180. స్కీయింగ్ టికెట్లు, అద్దె, ఇన్సూరెన్స్ కలిపి 410. సినిమా, మందులు, పుట్టినరోజు కేకులు, చిల్లర మల్లర 200. మొత్తం 2,130.

మిగిలింది 3,550 యూరోలు. రూపాయల్లో మూడు లక్షలకు పైనే. వెళ్లేముందు లియోన్‌లో నా గది వదిలేశా కాబట్టి రెండు అద్దెల భారం పడలేదు. ఎడ్యుకేషన్ లోన్ మీద ఆ ఏడాది వడ్డీ మొత్తం దీంతోనే కట్టా.

ఇప్పుడు ఇందులో గది లెక్క ఒక్కటి మార్చి చూడండి. యజమాని గది ఇవ్వకపోతే, ఊళ్లో షేరింగ్ రూమ్ నాకు చెప్పిన ధర నెలకి 800. అంటే 3,200. మిగిలేది 1,230. దానికి తోడు ఒక నెల అడ్వాన్సు, కమీషన్... ఇక మిగిలేదేంటి? మిగతావన్నీ అలాగే ఉన్నాయి, మంచం ఒక్కటే మారింది. సీజన్ అంతా తలకిందులు.

ఊరికీ ఇది తెలుసు. 2024 చివర్లో ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది, ఇళ్ల కొరత ఉన్న ఊళ్లు కొత్తగా కట్టే ఇళ్లను శాశ్వత నివాసానికే అని షరతు పెట్టుకోవచ్చు అని. 2025లో షామొనీ ఆ అధికారాన్ని వాడుకుంది. మేం పని చేస్తున్నప్పుడే ఆ చర్చంతా నడిచింది. మా డ్రైవర్ ఒకాయన, అక్కడే పుట్టి పెరిగినవాడు, ఇప్పుడు అద్దె కట్టలేక కింద ఊరికి మారిపోయినవాడు, "నా కొడుక్కైనా పనికొస్తుందేమో" అన్నాడు. ఇప్పటికే కట్టేసిన ఇళ్లకు ఆ నియమం వర్తించదు మరి.

ఎవరికి కుదురుతుంది?

రోజంతా స్కీయింగ్ చేసి సాయంత్రం కాసేపు పని చేద్దామనుకునేవాళ్లకు ఇది కుదరదు. డబ్బు మిగలాలంటే స్కీ రోజులు తగ్గుతాయి, స్కీ రోజులు పెరగాలంటే డబ్బు మిగలదు. ఏది కావాలో ముందే తేల్చుకోండి. నడుము, మోకాళ్లు గట్టిగా ఉండాలి. వంటింటి కేకలు అర్థమయ్యేంత ఫ్రెంచ్ రావాలి. సంక్రాంతికి ఇంటికి రాలేమని ఇంట్లో చెప్పే ధైర్యం ఉండాలి. మాకు భోగి రోజున ఎనభై మందికి బుకింగ్ ఉంది.

దిగాలనుకుంటే మాత్రం ఈ వరస తప్పొద్దు. ఆగస్టులో వీసాకి, పని గంటలకి లెక్క చూసుకోండి. సెప్టెంబర్‌లో గది ఉన్న పనులకే అప్లై చేయండి. అక్టోబర్‌లో గది సంగతి కాంట్రాక్టులో రాయించుకోండి. నవంబర్‌లో పాత జాకెట్ కొనండి. స్కీ పాస్ గురించి ఆలోచించడం జనవరిలో మొదలెట్టినా నష్టం లేదు.

నిన్న రాత్రి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అక్కా, ఆఫర్ లెటర్ వచ్చింది, జీతం సూపర్, పాస్ ఫ్రీ!" నేను అడిగింది ఒక్కటే. "గది?"

ఇంకా టైప్ చేస్తున్నాడు.